అర మార్కు, అయిదు కిలోల ఉల్లిపాయలు

పదకొండు రోజులైంది. మా మనవరాలు ఆ సంగతి పదకొండు నిమిషాల్లో మరిచిపోయి ఆటకి పోయింది. నాకే నిద్ర పట్టడం లేదు.

ఇరవై అయిదుకి ఇరవై నాలుగున్నర. ఆ అర ఎక్కడ పోయిందీ అంటే ఎనిమిదో ప్రశ్న దగ్గర. "వెన్ అంకుల్ కేమ్, మదర్ డాష్ ఫిష్." పక్కన కుక్ అని ఇచ్చారు, దాన్ని సరైన రూపంలో పెట్టాలి. పిల్ల "కుక్డ్" అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో ఒక అడ్డగీత. పైన "వాజ్ కుకింగ్".

"ఏమ్మా, ఇలా రాశావేం?" అన్నాను.

"అదేంటి తాతయ్యా, మొన్న ఆదివారం మనింట్లో అలాగే కదా జరిగింది!"

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ ఆదివారం నేనూ ఇంట్లోనే ఉన్నాను. సాక్షిని.

ఇక్కడ మా బావమరిది గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నాలుగుతో ఆగుతాయని మాత్రం హామీ ఇవ్వలేను. వాడు ఉండేది తాడేపల్లిగూడెం. మేము ఏలూరు పవరుపేటలో ఉంటాం. మధ్య దూరం యాభై కిలోమీటర్లు. రైలెక్కితే భీమడోలు, దెందులూరు అంటూ గంటలో వచ్చిపడొచ్చు. నెలకో ఆదివారం వాడు మా ఇంటికి భోజనానికి వస్తాడు. వస్తూ గూడెం మార్కెట్టు నుంచి అయిదు కిలోల ఉల్లిపాయలు తెస్తాడు. ఉల్లిపాయలకి గూడెం మార్కెట్టు ఎంతటిదో మన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలు వచ్చి దిగేది అక్కడే. ఏలూరులో ఉల్లిపాయలు దొరక్క కాదు. కానీ బావమరిది తెచ్చే ఉల్లిపాయలు ఉండగా డబ్బు పెట్టి కొనడం మా ఆవిడ దృష్టిలో పుట్టింటికి అవమానం.

ఇబ్బంది ఉల్లిపాయలతో కాదు, వాడి క్రియాపదాలతో.

ఉదయం ఎనిమిదికి ఫోన్ చేస్తాను. "బయల్దేరావా?" "ఆ, బయల్దేరాను బావా!" అంటాడు. వెనకాల చెంబు బకెట్టుకి తగిలిన చప్పుడు. ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాలన్నిట్లోనూ ఒకటే ఉదాహరణ ఉంటుంది చూడండి: ఎవడో స్నానం చేస్తుంటాడు, ఫోన్ మోగుతుంది. చేస్తున్న స్నానానికి పాస్ట్ కంటిన్యుయస్, మోగిన ఫోన్‌కి పాస్ట్ సింపుల్. ఆ దొర ఎవరోగానీ నిజాయితీపరుడు, స్నానం చేస్తున్నానని ఒప్పుకున్నాడు. మా బావమరిది అదే బాత్‌రూములో, అదే ఫోన్ ఎత్తి, ఒంటి మీద సబ్బుతో "బయల్దేరాను" అంటాడు. పూర్తయిపోయిన పని! పాస్ట్ సింపుల్!

తొమ్మిదింటికి మళ్ళీ చేస్తే "వస్తున్నా బావా, వస్తున్నా" అంటాడు. రెండుసార్లు అన్నాడంటే ఇంకా చొక్కా వెతుక్కుంటున్నాడని అర్థం. తొమ్మిదిన్నరకి "దారిలో ఉన్నా". ఇది అబద్ధం అనడానికి లేదు. వాడింటి గుమ్మం నుంచి మా ఇంటి గుమ్మం దాకా ఉన్నదంతా దారే కదా, గుమ్మం దిగితే చాలు. పదింటికి "వచ్చేశా బావా, దెందులూరు దాటేశా". వెనకాల ఎవడో కంఠం చించుకుని క్వింటా ధర పాడుతుంటాడు. దెందులూరులో ఉల్లిపాయల వేలం ఎప్పటి నుంచి పెట్టారని నేను అడగను. అడిగితే, "నీకు వినికిడి తగ్గినట్టుంది బావా, ఓసారి చూపించుకో" అంటాడు. పదిన్నరకి "వచ్చినట్టే అనుకో". అనుకున్నాను. అనుకుని ఒక గంట కూర్చున్నాను. పదకొండున్నరకి "ఇదిగో, మీ వీధిలోనే" అన్నాడంటే ఏలూరు స్టేషన్లో రైలు దిగుతున్నాడని. పన్నెండు దాటాక ఇంక ఫోన్ ఎత్తడు. ఫోన్ ఎత్తడం మానేశాడంటే నిజంగా వస్తున్నాడన్నమాట. అప్పుడే మా ఆవిడ పొయ్యి వైపు చూస్తుంది.

వాడొక్కడిదే తప్పని నేను అనను. మా ఊరి పెళ్ళిపత్రికల మీద ముహూర్తం నిమిషాలతో సహా వేస్తారు గానీ, మగపెళ్ళివారి బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఆ బస్సు డ్రైవరు కూడా చెప్పలేడు. ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నారండీ" అంటారు. ఆ "వచ్చేస్తున్నారు"లో ఎంత దూరం పడుతుందో కొలిచిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. టైలరు "కుడుతున్నానండీ" అన్నాడంటే గుడ్డ ఇంకా మనం ఇచ్చిన సంచీలోనే ఉందని. హోటల్లో "వస్తోందండీ" అన్నాడంటే అట్టు ఇంకా పిండి రూపంలో ఉందని. ప్లంబరు "వచ్చాను కదండీ, మీరే తలుపు తీయలేదు" అన్నాడంటే, వాడు రాలేదని.

సరే, ఎనిమిదో ప్రశ్న దగ్గరికి వద్దాం.

ఆ ఆదివారం కొర్రమీను పులుసు. చేప పొద్దున్నే తెచ్చాం, బూడిద వేసి తోమి, ముక్కలు కోయించి, ఉప్పూ పసుపూ పట్టించి మూత పెట్టాం. మా అమ్మాయి చింతపండు కూడా నానబెట్టింది. ఇంట్లో ఉల్లిపాయ అన్నది లేదు. ఉల్లిపాయలు గూడెం నుంచి, "దెందులూరు దాటేసిన" మా బావమరిది సంచీలో, రావాలి. పన్నెండున్నరకి వాడొచ్చాడు. "అమ్మాయీ, వంట అయిందా?" అన్నాడు. "అవుతోంది మావయ్యా" అంది మా అమ్మాయి, ఆ సంచీ లాక్కుంటూ. అప్పటికి పొయ్యి కూడా వెలిగించలేదు. మావయ్యకి తగ్గ మేనకోడలు.

ఇప్పుడు చెప్పండి. అంకుల్ వచ్చినప్పుడు మదర్ వండుతూ ఉందా, అంకుల్ వచ్చాక వండిందా? "వాజ్ కుకింగ్" కావాలంటే ఉల్లిపాయలు లేకుండా కొర్రమీను పులుసు పొయ్యి మీద ఉండాలి. కొల్లేటి పక్కన పుట్టిన ఆడపిల్ల చేసే పనేనా అది? మా మనవరాలు చూసింది చూసినట్టు రాసింది. ఇంగ్లీషు వ్యాకరణం కూడా దాన్ని కాదనదు. "వెన్" తరవాత రెండు పక్కలా పాస్ట్ సింపుల్ వేస్తే, ముందు అది జరిగింది, దాని వెనకే ఇది జరిగింది అని అర్థం. అంకుల్ వచ్చాడు, మదర్ వండింది. చుట్టం వచ్చాక ఎసరు పెట్టే జిల్లాలో అసలైన జవాబు అదే. రెండు జవాబులూ ఒప్పే, కథలే వేరు.

ఈ వాదన పట్టుకుని బడికి వెళ్ళాను. ఆ బడి పేరు అనవసరం. టీచరు చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, ఉల్లిపాయల దాకా మొత్తం విన్నది. విని, "మీరు చెప్పింది కరెక్టేనండీ తాతగారూ. కానీ కీలో వాజ్ కుకింగ్ అని ఉందండి" అంది.

కీ! తాళం ఎవరు వేశారో, చెవి ఎక్కడ తయారైందో ఆ అమ్మాయికీ తెలియదు. పాపం, ముప్పై అయిదు మంది పిల్లల పేపర్లు దిద్ది, రాత్రికి మార్కులు ఫోన్‌లో ఎక్కించాలి. ఆవిడతో పేచీ ఏముంది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను. "వచ్చేశాను" అన్నది ఇక్కడ నిజంగా వచ్చేశానన్న అర్థంలోనే.

నా కోపమల్లా వేరే. అసలు మన భాషకి ఈ పేచీయే లేదు. "తింటున్నాడు" అంటే "తింటూ ఉన్నాడు". ఈ "ఉన్నాడు" ఇప్పటిదా, అప్పటిదా? "ఇప్పుడు ఎక్కడ ఉన్నావు?" అంటాం, "నిన్న ఎక్కడ ఉన్నావు?" అంటాం. మాట అదే. "ఇప్పుడు తింటున్నాడు" చెల్లుతుంది, "నిన్న నేను వెళ్ళేటప్పటికి తింటున్నాడు" కూడా చెల్లుతుంది. ఎప్పుడన్నది ఆ "నిన్న" చూసుకుంటుంది. ఇంగ్లీషువాడు మాత్రం ముందు ఈజ్ అనో వాజ్ అనో తేల్చుకునిగానీ నోరు తెరవడు. మనకి రెంటికీ కలిపి ఒకే ఉన్నాడు. ఈ సదుపాయం ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి ఖాళీలు పూరించమంటే ఏం పూరిస్తాడు?

"తెలుసు" సంగతి ఇంకా గొప్పది. దానికి కాలమే లేదు. "నాకు తెలుసు", "నాకు అప్పుడే తెలుసు", "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు". మాట మారదు. మన చుట్టాల జ్ఞానం కాలాతీతం కావడానికి కారణం ఇదేనని నా అనుమానం. సంబంధం తప్పిపోయినా, షేర్లు పడిపోయినా, గుమ్మంలోకి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా అనే మొదటి మాట "నాకు ముందే తెలుసు". దీన్నే ఇంగ్లీషులోకి మార్చబోయి మా ఆఫీసులో ఒక పెద్దమనిషి "ఐ వాజ్ నోయింగ్" అనేవాడు. నో అనే క్రియకి ఐఎన్‌జీ తగిలించకూడదని తెల్లవాళ్ళ ఆచారం. ఆయనకి అది తెలుసు. అయినా తగిలించేవాడు. వట్టి "ఐ న్యూ" అంటే తన తెలివి ఒక్క క్షణంలో అయిపోయినట్టుంటుందట.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడు భూతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ చెప్పి, వాటి పక్కన తద్ధర్మం అని నాలుగోది కూడా పెట్టాడు. ఫలానా కాలం అని లేకుండా, ఆ మనిషి స్వభావం అదీ అని చెప్పేటప్పుడు వాడేది. పండితులు తిట్టుకోకపోతే మా బావమరిది "బయల్దేరాను"ని నేను అందులో వేస్తాను. అది భూతకాలం కాదు, వాడి తత్వం.

నేను ఇంగ్లీషు నేర్చుకున్నది కొల్లేటి లంకలో. వానాకాలం బడికి తాటిదోనెలో వెళ్ళేవాళ్ళం. మా మాస్టారి దగ్గర రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ఉండేది, అట్ట ఊడిపోతే పంచె చింపి కుట్టారు. ఆ రెన్‌గారు ఇంకో పక్క ఎడారుల్లో ఫ్రెంచి సైన్యం గురించి "బో జెస్ట్" లాంటి సాహస నవలలు రాసిన మనిషని పెద్దయ్యాక తెలిసి నేను ఆశ్చర్యపోలేదు. ఆ పుస్తకంతో మేము పడ్డ యుద్ధం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మాస్టారు పాస్ట్ కంటిన్యుయస్‌ని బెత్తంతో చెప్పేవారు. "నేను కొడుతూ ఉండగా నీవు ఏడ్చితివి. ఇందులో వాజ్ దేనికి?" "కొట్టడానికండీ." "ఎందుకు?" "ఇంకా అయిపోలేదండీ." ఆ సూత్రం ఇప్పటికీ అరచేతిలో ఉంది.

పరీక్షలో తొమ్మిదో ప్రశ్న కూడా చెప్పాలి, లేకపోతే నా కడుపుబ్బరం తగ్గదు. "కొల్లేరు వెళ్ళినప్పుడు పక్షులు ఏం చేస్తున్నాయి?" మా మనవరాలు "ద బర్డ్స్ వర్ ఫ్లయింగ్" అని రాసింది. టిక్కు. పూర్తి మార్కు. నిజమేమిటంటే మేము దాన్ని కొల్లేటి ఒడ్డున ఆటపాక తీసుకెళ్ళింది మే నెలలో, మండుటెండలో. గూడబాతులు చలికాలంలో వచ్చి, వాటి కోసం నీళ్ళల్లో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోతాయి. మేము వెళ్ళేటప్పటికి స్టాండ్లు ఉన్నాయి, బోర్డు ఉంది, ఒకటో రెండో కొంగలు మమ్మల్ని చూసి జాలిపడుతూ నిలబడ్డాయి. ఫ్లయింగ్ లేదు, ఏమీ లేదు. కళ్ళారా చూసింది రాస్తే అర మార్కు పోయింది, చూడనిది రాస్తే వచ్చింది. ఏడో తరగతి పిల్ల దీన్నించి ఏం నేర్చుకోవాలో కూడా కీలోనే ఉంటుందేమో.

అసలు కొల్లేరుకి ఏ కాలం వాడాలో పెద్దవాళ్ళకే తేలలేదు. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు. 2006లో ప్రొక్లెయినర్లు తెచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అన్నీ పాస్ట్ సింపుల్‌లే, తేదీలతో సహా. ఆ తరవాత గట్లు మళ్ళీ లేస్తున్నాయి, మళ్ళీ కొట్టేస్తున్నారు, మళ్ళీ లేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు మాత్రం ఆ నీళ్ళకి ఏ సందేహమూ కలగలేదు, తిన్నగా కొల్లేటికే దారి పట్టాయి. లంక ఊళ్ళ రోడ్ల మీద పడవలు తిరిగాయి. సరస్సు ఉండేదా, ఉందా, ఉంటుందా అని మనం నోట్సు రాసుకుంటున్నాం. నీళ్ళకి "ఉన్నాను" ఒక్కటే వచ్చు.

ఇంతదూరం వచ్చాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను.

నేనూ ఇరవై రెండేళ్ళు గూడెంలో ఉద్యోగం చేశాను, రోజూ ఏలూరు నుంచి రైలు మీద. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. మా లంకలో ఫోన్ కిరాణా కొట్టాయన ఇంట్లో ఒకటే ఉండేది. ఒక రోజు పదకొండింటికి ఆఫీసుకి ఫోన్ వచ్చింది, నాన్నకి బాగా లేదు, నిన్ను అడుగుతున్నారు, రమ్మని. "బయల్దేరానని చెప్పండి" అన్నాను. అని, ఎదురుగా ఉన్న ఫైలు ముగించాను. రెండు సంతకాలే. పక్క సీటాయనకి తాళాలు అప్పజెప్పి, ఏదో మాట మీద ఒక టీ కూడా తాగాను. అందాల్సిన రైలు వెళ్ళిపోయింది. తరవాతి రైలు పూళ్ళ దగ్గర, వెనకాల ఎక్స్‌ప్రెస్ పోవాలని, చాలాసేపు ఆగింది. ఏలూరులో దిగి కైకలూరు బస్సు పట్టుకుని, పెదఎడ్లగాడి వంతెన దాటేసరికి పొద్దు వాలుతోంది. నేను వస్తూ ఉన్నాను. నాన్న పోయారు. ఏది వాజో, ఏది వట్టి పాస్టో మా మాస్టారి బెత్తం లేకుండానే తెలిసిపోయింది.

"బయల్దేరావని చెప్పామురా. ఊఁ అన్నారు" అంది అమ్మ.

బావమరిది ఫోన్‌లో "బయల్దేరాను" అన్నప్పుడల్లా నేను నాలుగు మాటలు అనబోయి మింగేస్తుంటాను. వాడు అది నా పెద్దరికం అనుకుంటాడు. అనుకోనీ.

నిన్న బడిలో మళ్ళీ పరీక్ష పెట్టారు. ప్రశ్న అదే, ఫిష్ తీసేసి రైస్ పెట్టారంతే. మా మనవరాలు ఈసారి కళ్ళు మూసుకుని "వాజ్ కుకింగ్" అని రాసేసి, పూర్తి మార్కు తెచ్చుకుంది. పాత అర మార్కు ఎవరూ కలపలేదు. ఇవాళ ఆదివారం. బావమరిది ఎనిమిదింటికే బయల్దేరాడు. ఒంటిగంటకి వచ్చాడు. మా అమ్మాయి ఉల్లిపాయలు తరిగి, అప్పుడు పొయ్యి వెలిగించింది.